ఇంటిపేరు స్పానిష్‌ది, మరి వంశం? మా అత్తగారి పూర్వీకుల గురించి సలహా కావాలి

బికోల్ కోడలు

అందరికీ నమస్కారం. మాది ఏలూరు. పెళ్లయ్యాక సింగపూర్‌లో ఉంటున్నాను. మా ఆయనది ఫిలిప్పీన్స్, బికోల్ ప్రాంతంలోని ఆల్బాయ్ ప్రావిన్స్. మా అత్తగారు 1951లో పుట్టారు. ఆవిడ చిన్నప్పటి నుంచీ వింటున్న మాట ఒకటుంది. వాళ్ల అమ్మమ్మ తండ్రి "కస్తీలా" అట, అంటే స్పెయిన్ మనిషి. ఊళ్లో ఆయన భూములు, చర్చిలో ఆయన ఇచ్చిన గంట, పెద్ద ముక్కు, తెల్లటి రంగు... ఇలా చాలా చెప్తారు. కాగితం మాత్రం ఒక్కటే ఉంది, పాత భూమి పత్రం నకలు. దాంట్లో ఆయన పేరు ముందు "దోన్" అని ఉంది. ఇంటిపేరు స్పానిష్‌దే, "ర" అక్షరంతో మొదలవుతుంది.

ఆవిడకు ఓపిక ఉన్నప్పుడే ఇది తేలాలని నా కోరిక. మా పిల్లల ముత్తాతల సంగతి కూడా ఇదే కదా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

దావావ్ డాక్టర్

అక్కా, నేను ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో ఎంబీబీఎస్ లాంటి వాళ్ల కోర్సు చదివి వచ్చాను. అక్కడ మన తెలుగు పిల్లలు బోలెడంత మంది. వెళ్లిన కొత్తలో మాకందరికీ ఇదే ఆశ్చర్యం. క్లాసులో గార్సియా, రేయెస్, సాంతోస్, క్రూజ్, మెండోజా, అన్నీ స్పెయిన్ పేర్లే. మనుషులు మాత్రం అచ్చం అక్కడి వాళ్లే. అందుకని ఇంటిపేరును సాక్ష్యంగా పెట్టుకోకండి.

ఒక మేలైన సంగతి చెప్తాను. ఫిలిప్పీన్స్‌లో దాదాపు ప్రతి మనిషి పేరు మధ్యలో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. మన వైపు పెళ్లయ్యాక ఆడవాళ్ల పుట్టింటి పేరు చాలాసార్లు కాగితాల్లోంచి మాయమవుతుంది, అక్కడ అలా పోదు. అత్తగారి పుట్టుక సర్టిఫికెట్ ఒక్కటి చేతిలో ఉంటే వాళ్ల అమ్మమ్మ ఇంటిపేరు దాకా దారి దొరుకుతుంది.

పాతకాగితం

కోడలుగారూ, ముందు ఒక్క ప్రశ్న. ఆల్బాయ్‌లో ఏ ఊరు?

బికోల్ కోడలు

ఓవాస్ అండీ.

పాతకాగితం

అనుకున్నాను. అయితే ఇంటిపేరు కథ మొత్తం చెప్పాల్సిందే, కాస్త ఓపిగ్గా చదవండి.

1849 నవంబర్ 21న ఫిలిప్పీన్స్ గవర్నర్ జనరల్ నార్సిసో క్లావెరియా ఒక ఆజ్ఞ జారీ చేశాడు. అప్పటికి అక్కడి జనంలో చాలామందికి తరతరాలుగా సాగే ఇంటిపేరు అనేదే లేదు. బాప్టిజం అయినప్పుడు ఏ పునీతుడి పేరో, దె లా క్రూజ్ అనో, దె లోస్ సాంతోస్ అనో పెట్టుకునేవాళ్లు. అన్నదమ్ములకే వేర్వేరు పేర్లు ఉండేవి. పన్ను వసూలుకు, జనాభా లెక్కకు, పెళ్లిళ్లలో దగ్గరి చుట్టరికం చూసుకోవడానికి అది పెద్ద తలనొప్పి అయింది. అందుకని 60 వేలకు పైగా పేర్లతో ఒక అక్షరక్రమ పట్టిక అచ్చు వేయించి రాష్ట్రాలకు పంపారు. అందులో స్పెయిన్ ఇంటిపేర్లున్నాయి, స్థానిక భాషల మాటలున్నాయి, చెట్ల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఒక్కో ఊరికి కొన్ని పేజీలు చేరాయి. ఇంటి పెద్ద అందులోంచి ఒకటి ఎంచుకోవాలి, లేదా ఇచ్చింది తీసుకోవాలి. నాలుగు తరాలుగా ఒకే ఇంటిపేరు వాడుతున్నామని చూపించగలిగిన వాళ్లు మాత్రం తమది ఉంచుకోవచ్చు.

కొన్ని ఊళ్లకు ఒకే అక్షరం పేజీలు వెళ్లాయి. ఓవాస్‌కు వచ్చింది "ర". ఈ రోజుకీ ఆ ఊరి పాత కుటుంబాల ఇంటిపేర్లు "ర"తో మొదలవుతాయి. ఇలోయిలో వైపు గింబాల్‌లో "గ", తిగ్బావాన్‌లో "త" అలాగే. అత్తగారిని ఒక్కసారి అడగండి, చిన్నప్పుడు ఇరుగుపొరుగు ఇంటిపేర్లు ఏమిటని.

బికోల్ కోడలు

ఇప్పుడే ఫోన్‌లో అడిగాను. బడిలో టీచర్, కొట్టు నడిపే ఆయన, చర్చిలో పాటలు పాడే అమ్మాయి, వరసగా చెప్తూ పోయారు. అందరివీ "ర"నే! ఆవిడే కాసేపు మాట్లాడలేదు. "అయితే మా తాత కస్తీలా కాదా?" అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

పాతకాగితం

"ఇంకా తెలియదు" అని చెప్పండి, అదే నిజం. ఇంటిపేరు పట్టికలోంచి వచ్చినంత మాత్రాన వంశంలో స్పెయిన్ మనిషి లేడని కాదు. అది సాక్ష్యం కాదని మాత్రమే తేలింది.

"దోన్" విషయానికి వద్దాం. చాలా కుటుంబాలు ఇక్కడే తొందరపడతాయి. స్పెయిన్ పాలనలో ఊరి పెద్దలు స్థానికులే. గోబెర్నదోర్‌సిల్యో అంటే ఊరి పాలన చూసేవాడు. కబేసా దె బరంగాయ్ అంటే కొన్ని పదుల కుటుంబాల దగ్గర పన్ను వసూలు చేసి కట్టేవాడు. ఈ పదవుల్లో ఉన్నవాళ్లకి, వాళ్ల భార్యలకి దోన్, దోన్యా అనే గౌరవం ఉండేది. మన వైపు కరణం, మునసబు కుటుంబాల్లాంటి వాళ్లు. స్పానిష్ వచ్చు, భూములు ఉంటాయి, పాదిరీతో దగ్గరితనం ఉంటుంది. రెండు తరాలు గడిచేసరికి "మా తాత స్పానిష్ మాట్లాడేవాడు" అన్నది "మా తాత స్పానిష్ వాడు" అయిపోవడం నేను చాలా కుటుంబాల్లో చూశాను.

సత్యవతి కాకినాడ

మరి నిజంగా స్పెయిన్ వాళ్లు అక్కడ ఎంతమంది ఉండేవారండీ? 300 ఏళ్లకు పైగా పాలించారు కదా.

పాతకాగితం

1565 నుంచి 1898 వరకు పాలించారు. కానీ వచ్చి స్థిరపడిన వాళ్లు చాలా తక్కువమ్మా. దూరం అలాంటిది. 1815 దాకా ముఖ్యమైన దారి మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలాకు నడిచే గాలియన్ ఓడలు. వచ్చేవాళ్లలో పాదిరీలు, సైనికులు, ఉద్యోగులు ఎక్కువ, వాళ్లలోనూ చాలామంది మనీలా, కవితే, జంబోవాంగా లాంటి చోట్లే. పల్లెటూళ్లో ఏళ్ల తరబడి కనిపించే స్పెయిన్ మనిషి చాలాసార్లు పాదిరీ ఒక్కడే. ఆ ఓడల్లో వచ్చిన సైనికుల్లో చాలామంది స్పెయిన్ గడ్డ మీద పుట్టినవాళ్లు కూడా కాదు, మెక్సికో వాళ్లు.

లాలాగూడ రైల్వే

ఈ చర్చ చూసి ఆగలేకపోతున్నాను. మేము సికింద్రాబాద్ లాలాగూడ క్వార్టర్స్‌లో పెరిగాం. పక్కింటి ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో ఇదే మాట, "మా నానమ్మ స్పానిష్" అని. వాళ్లు ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నారు. ఆ ఇంటి అబ్బాయి, నా చిన్ననాటి స్నేహితుడు, పాత చర్చి రికార్డులు తవ్వాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్టిజం, పెళ్లి, సమాధి వివరాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి, చాలావరకు ఫైండ్‌మైపాస్ట్ సైట్‌లో చూడొచ్చు. వాళ్ల పూర్వీకుల పెళ్లి నమోదులో పెళ్లికూతురికి క్రైస్తవ పేరు ఒక్కటే ఉంది, ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు. ఆ కాలపు నమోదుల్లో అలా ఉంటే చాలాసార్లు ఆవిడ ఇక్కడి మనిషేనని అర్థం.

దాచుకోవడానికి కారణం ఉంది. 1791లో ఈస్టిండియా కంపెనీ, తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే సివిల్, సైనిక, నౌకా ఉద్యోగాల్లోకి తీసుకోకూడదని నిర్ణయించింది. 1795లో అలాంటి వాళ్లకు సైన్యంలో వాయిద్యాలు వాయించే పనుల్లాంటివి తప్ప మిగతావి మూసేసింది. ఆ దెబ్బ తిన్నవాళ్లు ముదురు రంగుకు "స్పెయిన్", "పోర్చుగల్" అని చెప్పుకోవడం బతుకుతెరువు కోసం. నా స్నేహితుడు నిజం తెలిశాక బాధపడలేదు. ఆ తల్లి పేరు పిల్లలకు నేర్పుతున్నాడు. నాకు ఆ పని చాలా గొప్పగా అనిపించింది.

లిఫీ గట్టు

డబ్లిన్ నుంచి నమస్తే. మా ఆవిడ ఐరిష్. నల్లజుట్టు, నల్లకళ్లు. వాళ్లింట్లో కూడా ఉంది ఈ కథ. 1588లో స్పెయిన్ రాజు ఇంగ్లండ్ మీదికి పంపిన ఆర్మడా, అంటే యుద్ధ ఓడల దళం, తిరుగు ప్రయాణంలో ఐర్లండ్ పడమటి తీరంలో ఇరవైకి పైగా ఓడలు పోయాయి. వాటి నావికులు ఇక్కడే ఉండిపోయి పెళ్లిళ్లు చేసుకున్నారని, నల్లజుట్టు వాళ్లంతా ఆ సంతానమని చెప్తారు. స్లైగో దగ్గర స్ట్రీడా తీరంలో ఒక్కచోటే మూడు ఓడలు మునిగి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఒడ్డుకు చేరిన వాళ్లనూ చాలామందిని ఇంగ్లిష్ అధికారుల ఆజ్ఞతో చంపేశారు. ఫ్రాన్సిస్కో దె క్వెయ్యార్ అనే కెప్టెన్ తప్పించుకుని స్కాట్లండ్ మీదుగా బయటపడ్డాడు. ఆయన రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. అంతకొద్ది మంది వల్ల ఒక దేశపు జుట్టు రంగు మారదు. నల్లజుట్టు ఇక్కడ అంతకు ముందు నుంచీ ఉన్నదే.

కాగితాలు కూడా అంత వెనక్కి వెళ్లవు. ఐర్లండ్‌లో జనన మరణాల నమోదు అందరికీ 1864లో మొదలైంది. 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడినప్పుడు పాత జనగణనలు చాలా బూడిదయ్యాయి. మేము 1830ల దగ్గర ఆగాం. ఆర్మడా అక్కడికి 240 ఏళ్ల వెనక.

బికోల్ కోడలు

మీ అందరి మాటలూ అత్తగారికి చదివి వినిపిస్తున్నాను. లాలాగూడ గారి స్నేహితుడి సంగతి విని ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఇప్పుడు చెప్పండి, ఏ రికార్డులు, ఏ వరసలో చూడాలి?

పాతకాగితం

మీ దగ్గర నుంచి వెనక్కి నడవండి. స్పెయిన్ నుంచి ముందుకు రావద్దు. సెవిల్లే ఆర్కైవ్‌లో ఒక పేరు చూసి "ఇదే మా తాత" అని అతికించుకున్న వంశవృక్షాలు ఇంటర్నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. అవి నమ్మకండి.

అత్తగారి, వాళ్ల అమ్మగారి సర్టిఫికెట్లు ఫిలిప్పీన్స్ గణాంక సంస్థ పీఎస్ఏ దగ్గర ప్రయత్నించండి. ఇప్పటి పద్ధతిలో సివిల్ రిజిస్ట్రీ చట్టం 1931లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందువి ఊరిని బట్టి ఉంటాయి. ఇక చర్చి పుస్తకాలు. అసలు నిధి అక్కడే ఉంది. బాప్టిజం, పెళ్లి, సమాధి, మూడు వేర్వేరు పుస్తకాలు. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఫిలిప్పీన్స్ చర్చి పుస్తకాల ఫొటోలు ఉచితంగా చాలా ఉన్నాయి, కొన్నింటికి పేర్ల సూచిక లేదు, పేజీ పేజీ తిప్పాలి. అక్కడ లేకపోతే ఓవాస్‌లోని సెయింట్ మైకేల్ చర్చిలో అడగాలి.

19వ శతాబ్దం చివరి బాప్టిజం నమోదులో బిడ్డ, తల్లిదండ్రులు మాత్రమే కాదు, చాలాసార్లు ఇద్దరు తాతలు, ఇద్దరు అమ్మమ్మ నానమ్మలు కూడా ఉంటారు. ఒక్క పేజీలో మూడు తరాలు. దాంతోపాటు "ఫలానా దోన్ గారి కబెసెరియా" అని రాస్తారు, అంటే తండ్రి ఏ పన్ను గుంపులో ఉన్నాడో. నేను ముందు చూసేది ఆ మాటే. స్పెయిన్ వాళ్లు ఆ పాత తలపన్ను కట్టేవాళ్లు కాదు కాబట్టి ఆ గుంపుల్లో ఉండరు. చైనా సంతతి వాళ్లను "మెస్తీసో సాంగ్లీ" అని విడిగా లెక్కపెట్టేవాళ్లు. స్పెయిన్ వాడైతే "ఎస్పాన్యోల్" అని, ఏ ప్రాంతం వాడో కూడా చాలాసార్లు రాసేవాళ్లు.

ఇంకో దారి. 1898 డిసెంబర్ 10 పారిస్ ఒప్పందంతో దీవులు అమెరికా చేతికి వెళ్లాయి. స్పెయిన్‌లో పుట్టి అక్కడే ఉండిపోయిన వాళ్లు స్పెయిన్ పౌరులుగానే కొనసాగాలంటే గడువులోపల ప్రకటన ఇవ్వాలని అందులో షరతు ఉంది. మీ అత్తగారి ముత్తాత 1890ల నాటి మనిషి అయి ఉండాలి కాబట్టి ఆ జాబితాలూ చూడాలి. సైనికుడు అని తేలితేనే స్పెయిన్‌లోని సెగోవియా సైనిక ఆర్కైవ్ జోలికి వెళ్లండి.

సత్యవతి కాకినాడ

నిజంగా స్పెయిన్ తాత అని రుజువైతే పిల్లలకు స్పెయిన్ పౌరసత్వం వస్తుందా? ఊరికే అడుగుతున్నా.

పాతకాగితం

అంత వెనకటి తాతతో రాదమ్మా. మనవలు, మనవరాళ్ల కోసం 2022లో తెచ్చిన చట్టం గడువు 2025 అక్టోబర్‌తో అయిపోయింది. కానీ ఫిలిప్పీన్స్ పౌరులెవరైనా స్పెయిన్‌లో 2 ఏళ్లు చట్టబద్ధంగా నివసిస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు, మామూలుగా అయితే 10 ఏళ్లు. దానికి తాతల రుజువు అక్కర్లేదు.

జన్యుశ్రీ

డీఎన్ఏ పరీక్ష ఎవరూ ఎత్తలేదు. చేయిస్తే అత్తగారికే చేయించండి, పిల్లలకు కాదు. ప్రతి తరానికీ సగం పోతుంది. అమ్మమ్మ తండ్రి పూర్తిగా స్పెయిన్ వాడైతే అత్తగారిలో ఆ భాగం సుమారు 12.5 శాతం రావాలి. కాస్త అటూఇటూ అవుతుంది కానీ 2, 3 శాతానికి పడిపోవడం చాలా అరుదు. అదే మీ పిల్లలకు వచ్చేసరికి 3 శాతం దగ్గర ఉంటుంది, అప్పుడు ఏదీ గట్టిగా చెప్పలేం.

2021లో ఫిలిప్పీన్స్ జనం మీద వచ్చిన పెద్ద జన్యు అధ్యయనం కూడా ఐరోపా వాటా మొత్తం మీద చాలా తక్కువనే చెప్పింది. కొంచెం కనిపించిన వాళ్లలో బికోల్ వాళ్లు ఉన్నారు. కాబట్టి ముందే ఆశ వదులుకోనక్కర్లేదు. శాతాల కన్నా, పరీక్ష చేసినవాళ్లు ఇచ్చే, అత్తగారితో డీఎన్ఏ కలిసిన బంధువుల జాబితా విలువైనది. అందులో వాళ్ల వంశవృక్షాలు చూడండి.

బికోల్ కోడలు

చాలా రోజుల తర్వాత వచ్చాను, క్షమించండి. చెప్పాల్సింది ఎంతో ఉంది.

డీఎన్ఏ ఫలితం: స్పెయిన్ పోర్చుగల్ ప్రాంతం 2 శాతం. దక్షిణ చైనా 5 శాతం. మిగతాదంతా ఫిలిప్పీన్స్.

మా ఆయన పినతల్లి కొడుకు ఓవాస్ వెళ్లి, పాదిరీగారి అనుమతితో పుస్తకాల ఫొటోలు తీసి పంపాడు. అత్తగారి అమ్మమ్మ బాప్టిజం 1894లో. తండ్రి పేరు ముందు "దోన్" ఉంది, పక్కనే "కబేసా దె బరంగాయ్" అని ఉంది. ఆయన తల్లిదండ్రులిద్దరూ ఓవాస్ వాళ్లే, ఇద్దరివీ "ర" ఇంటిపేర్లే. అంటే కస్తీలా తాత మీరు చెప్పినట్టు ఊరి పన్ను పెద్ద. ఇక ఆ అమ్మమ్మకు తల్లి వైపు తాత దగ్గర "మెస్తీసో సాంగ్లీ" అని స్పష్టంగా రాసి ఉంది. ఇంట్లో ఇన్నేళ్లూ చైనా అన్న మాటే ఎవరి నోటా రాలేదు!

అత్తగారు ఆ పేజీ ప్రింటు తీయించి గోడకు పెట్టించారు. ఆ సాంగ్లీ తాత ఎక్కడివాడని రోజూ అడుగుతున్నారు.

దావావ్ డాక్టర్

అక్కా, మీరు మంచి కుటుంబాల వరసలోనే ఉన్నారు. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిజాల్ తాతకు తాత దోమింగో లామ్‌కో చైనాలోని ఫ్యూజియన్ నుంచి వచ్చినవాడు, 1697లో మనీలాలో బాప్టిజం తీసుకున్నాడు. తర్వాత వాళ్ల ఇంటిపేరు మెర్కాదో, ఆ పైన రిజాల్. పేర్లు చూస్తే చైనా అని ఎవరూ అనుకోరు.

జన్యుశ్రీ

12.5 రావాల్సిన చోట 2 వచ్చింది, కాగితం కూడా అదే చెప్తోంది. ముత్తాత స్పెయిన్ వాడు కాదు. 2 శాతం మాత్రం ఏదో ఒక కొమ్మలో ఇంకో రెండు మూడు తరాల వెనక ఒక మనిషి ఉన్నాడని చెప్తుండొచ్చు. ఇంత చిన్న అంకె మీద ఒట్టు పెట్టలేం. చైనా 5 శాతం కూడా జాగ్రత్తగా తీసుకోండి, ఈ రెండు ప్రాంతాల జనం పూర్వం నుంచీ దగ్గరివాళ్లు. ఫ్యూజియన్ మూలాలున్న బంధువులు జాబితాలో కలిస్తే బలం వస్తుంది. మెక్సికో ఆదివాసీ భాగం ఏమైనా చూపించిందా?

బికోల్ కోడలు

లేదండీ, సున్నా. ఇంకో ఫొటో గురించి అడగాలి. అమ్మమ్మ తరం కన్నా వెనక, 1850ల నాటి బాప్టిజం ఒకటి దొరికింది. తండ్రి చోట "పాద్రే నో కొనొసీదో" అని ఉంది. తండ్రి తెలియదు అని కదా? ఇంట్లో ఒకరు అప్పుడే "అయితే పాదిరీగారి బిడ్డే" అని మొదలుపెట్టారు.

పాతకాగితం

ఆ మాట ఎవరినీ అననివ్వకండి. తండ్రి పేరు రాయని బిడ్డలు ఆ పుస్తకాల్లో చాలామంది ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది తండ్రులు ఆ ఊరి వాళ్లే. అప్పటి పాదిరీ పేరు పుస్తకంలో సంతకంగా ఉంటుంది కాబట్టి సులువుగా ఆయన మీద పడతారు. రుజువు లేకుండా ఒక మనిషి పేరు వంశవృక్షంలో రాయడం ఆ తల్లికీ అన్యాయమే.

ఆ బిడ్డ ఆడా మగా? మగబిడ్డ అయి, కొడుకు, మనవడు, మునిమనవడు అని తెగకుండా వచ్చిన మగవారసుడు ఈ రోజు ఎవరైనా ఉంటే ఆయనకు వై క్రోమోజోమ్ పరీక్ష చేయించండి. తండ్రి మగవరస ఐరోపాదా, చైనాదా, స్థానికమా అన్నదానికి అక్కడ గట్టి ఆధారం దొరకొచ్చు.

బికోల్ కోడలు

మగబిడ్డే! అత్తగారి మేనమామ కొడుకు ఒకాయన బికోల్‌లోనే నాగా అనే నగరంలో ఉన్నారు, ఆయన ఆ వరసలోకి వస్తారనుకుంటున్నాం. అత్తగారు ఆదివారం ఫోన్ చేసి అడుగుతానన్నారు.

పాతకాగితం

అడిగే ముందు ఆ వరసను కాగితంతో కలపండి. 1850ల బిడ్డకీ నాగా ఆయనకీ మధ్య ప్రతి తండ్రీకొడుకులకూ ఒక బాప్టిజమో పెళ్లి నమోదో ఉండాలి. నడుమ ఎక్కడైనా ఆడబిడ్డ ద్వారా వచ్చి ఉంటే ఈ పరీక్ష పనికిరాదు, డబ్బు దండగ. పెళ్లి పుస్తకం చూసేటప్పుడు "నాతురాల్ దె ఓవాస్" అని ఉంటే ఓవాస్‌లో పుట్టినవాడని, "ఇహో నాతురాల్" అని ఉంటే పెళ్లికాని తల్లి బిడ్డ అని. రెండూ పక్కపక్కనే వస్తాయి, కంగారు పడకండి. ఫొటోలు ఇక్కడ పెట్టండి, చదవడానికి నేనున్నాను.